ఊదా రాయి – మద్యపు మత్తు

పాతపట్నంలో వెలసిన అమ్మవారి పేరు నీలమణి దుర్గ. దేవత పేరులోనే మణి ఉన్న ఊరిలో రత్నాలపై విశ్వాసం ఉండటం వింత కాదు. నాడి చూడటానికి రోగి చేయి అందుకున్నప్పుడు వేలికి ఉన్న ఉంగరమే ముందుగా నా కంటబడేది. వాటిలో నేటికీ నన్ను ఆలోచింపజేసే రాయి ఒకటుంది. అది నేరేడు పండు వన్నెలో మెరిసే అమెథిస్ట్.

శనిదోషానికి నీలం ధరించాలని చెప్పేవారు, అంత వెల పెట్టలేని వారికి ఉపరత్నంగా దీనిని సూచిస్తారు. నీలం కురువింద జాతికి చెందినది. అమెథిస్ట్ స్ఫటిక జాతిది, అంటే ఏటి ఇసుక రేణువుకు దగ్గరి చుట్టం. అందులో లేశమాత్రంగా ఉన్న ఇనుముపై భూగర్భంలోని సహజ వికిరణం పనిచేయడం వల్ల ఊదా రంగు ఏర్పడుతుంది. బాగా వేడిచేస్తే పసుపు రంగుకు మారవచ్చు. చాలాకాలం ఎండ తగిలితే వెలిసిపోవచ్చు. ఒకప్పుడు ఐరోపాలో అమూల్యమైన ఈ రాయి, 19వ శతాబ్దంలో బ్రెజిల్, ఉరుగ్వే దేశాలలో విస్తారమైన నిక్షేపాలు బయటపడటంతో చౌకబడింది.

దీని పేరుకు మూలమైన గ్రీకు పదానికి ‘మత్తెక్కనిది’ అని అర్థం. ఇది ఒంటిమీద ఉంటే ఎంత తాగినా మత్తు తలకెక్కదని ప్రాచీన గ్రీకులు నమ్మేవారు. తాగుడు మాన్పించే రాయిగా ఆ నమ్మకం నేడు మన అంగళ్ల దాకా వచ్చింది.

చాలా ఏళ్ల క్రితం ఒక కూలీని ఆసుపత్రికి మోసుకొచ్చారు. ఏళ్ల తరబడి నిత్యం తాగినవాడు. భార్య తన కూలి డబ్బు కూడబెట్టి ఊదా రాయి ఉంగరం చేయించింది. అది ధరించిన నాడే అతడు మద్యం ముట్టనని ఒట్టు వేసుకున్నాడు, మాట నిలబెట్టుకున్నాడు కూడా. మర్నాటికి చేతులు వణికాయి. ఆపై ఫిట్స్ వచ్చాయి. మూడోనాడు ఒంటిపై లేని పురుగులను దులుపుకోసాగాడు. ఇంటివారు ‘రాయి పడలేదు’ అనుకుని ఉంగరం తీయించి, ఇంకొకరి సలహా కోసం ఒక రోజంతా తిరిగారు. అదృష్టవశాత్తు చికిత్సకు కోలుకున్నాడు.

అది రాయి చేసిన కీడు కాదు. మద్యానికి అలవాటుపడిన మెదడు, అది హఠాత్తుగా అందకపోవడంతో అదుపు తప్పింది. సకాలంలో వైద్యం అందకపోతే ఈ స్థితి ప్రాణాంతకం కావచ్చు. తగిన మందులు, థయామిన్ అనే బి1 విటమిన్, కొద్దిరోజుల పర్యవేక్షణ ఉంటే చాలావరకు నివారించదగినదే.

నేను రాయిని నిందించను, ఆ ఇల్లాలి విశ్వాసాన్ని అంతకన్నా పరిహసించను. అతనికి సంకల్పం కలిగించినది ఆ ఉంగరమేనేమో! కానీ సంకల్పం మనసును నిలబెడుతుంది గాని మూర్ఛను ఆపలేదు. రాయి పేరుతో వైద్యానికి జరిగే జాప్యమే నా అభ్యంతరం. ‘మానలేకపోవడం గ్రహదోషం’ అనే మాట, వ్యసనం చికిత్సకు లొంగే వ్యాధి అన్న సత్యాన్ని కప్పిపుచ్చుతుంది.

కనుక పాఠక మిత్రులారా, ఉంగరం ధరించదలిస్తే ధరించండి. అయితే రోజూ తాగే అలవాటున్నవారు మానే రోజుకు ముందే వైద్యుని కలవండి. వ్యసన విముక్తికి జాతీయ సహాయ సంఖ్య 14446కు ఫోన్ చేయవచ్చు. వణుకు, ఫిట్స్, భ్రాంతి కనిపిస్తే ఉంగరం తీయాలా వద్దా అని తర్కించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.