పేజీ ఫొటోలను ఈ-పుస్తకం అనొద్దు

అచ్చు పుస్తకం మేలా, ఈ-పుస్తకం మేలా అన్న చర్చ మన దగ్గర ఏటా పుస్తక ప్రదర్శనల రోజుల్లో తప్పక నడుస్తుంది. కాగితం వాసన, పేజీ తిప్పే తృప్తి గురించి ఒకరు చెబుతారు. అరచేతిలో వెయ్యి పుస్తకాలు పడతాయి కదా అని ఇంకొకరు అంటారు. రెండూ నిజమే. అయితే ఈ వాదన ఇంగ్లీషు పాఠకుల దగ్గర అరువు తెచ్చుకున్నది. వాళ్లకు ఒకే నవల రెండు రూపాల్లోనూ సక్రమంగా దొరుకుతుంది, కాబట్టి ఏది నచ్చిందో చెప్పగలరు. తెలుగు పాఠకుడికి ఈ-పుస్తకం పేరుతో అందేది చాలామటుకు అచ్చు పేజీల బొమ్మలు, అంటే స్కాన్ చేసిన పీడీఎఫ్. దాన్ని చూసి, కళ్లు నొప్పెట్టి, అచ్చు పుస్తకమే మేలని తేల్చేస్తే ఆ తీర్పు స్కానర్‌కు చెందుతుంది. ఈ-పుస్తకం మన ముందుకు ఇంకా సరిగ్గా రానేలేదు.

మా పెద్దమ్మకు షుగరు వల్ల చూపు మందగించింది. జీవితమంతా నవలలు చదివిన మనిషి. ఇంట్లోవాళ్లు ఆమె ట్యాబ్‌లో తెలుగు నవలల పీడీఎఫ్‌లు నింపి ఇచ్చారు. 1/8 డెమ్మీ సైజులో అచ్చయిన పేజీ తెర మీద కుదించుకుపోయి చీమల బారులా కనబడుతుంది. అక్షరం పెద్దది చేస్తే సగం వాక్యం తెర అంచు దాటి పోతుంది. పేజీని వేలితో కుడికి జరిపి వాక్యం పూర్తి చేసుకోవాలి, మళ్లీ ఎడమకు లాక్కొచ్చి కింది వరుస వెతుక్కోవాలి. కొన్ని పేజీలకే విసిగి పక్కన పెట్టేసింది. అదే ఇంట్లో మనవరాలు కిండిల్‌లో ఇంగ్లీషు నవల చదువుతుంటే తీసుకుని చూసింది. అక్షరం ఎంత పెంచినా వరుసలు వాటంతటవే సర్దుకుంటున్నాయి. "మన పుస్తకాలు ఇట్లా ఎందుకు రావే?" అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు తెలుగు ప్రచురణ రంగంలో అందరికీ తెలుసు, పైకి అనేవాళ్లే తక్కువ.

సీసపు అక్షరాలు పేర్చే కంపోజింగ్ పోయి డీటీపీ వచ్చాక తెలుగు పుస్తకాలు ఎక్కువగా పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో తయారయ్యాయి. ఆ ఫాంట్లు అందంగా ఉంటాయి, అందులో సందేహం లేదు. ఎందరో ఆపరేటర్లకు అవే బతుకుతెరువు ఇచ్చాయి. కానీ వాటి నిర్మాణం వేరు. ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన స్థానాల్లో తెలుగు ముక్కలను కూర్చారు. తలకట్టు ఒక చోట, గుడి ఒక చోట, ఒత్తు మరో చోట. కాగితం మీద అవన్నీ కలిసి తెలుగు అక్షరంగా కనిపిస్తాయి గానీ, కంప్యూటరుకు మాత్రం అది అర్థం లేని గుర్తుల వరుస. ఆ ఫాంటు లేని ఫోనులో తెరిస్తే పిచ్చి గీతలు వస్తాయి. అందులో ఒక మాట వెతకలేం, నిఘంటువుకు కలపలేం, గొంతుతో చదివించలేం. అందుకే ప్రచురణకర్త దగ్గర పుస్తకం ఫైలు భద్రంగా ఉన్నా, ఈ-పుస్తకం చేయాల్సి వచ్చేసరికి పేజీ పేజీనీ బొమ్మగా మార్చడం తప్ప ఆయనకు సులువైన దారి కనిపించదు.

ప్రతి లిపిలోని అక్షరానికీ సొంత సంకేతం ఇచ్చే అంతర్జాతీయ ప్రమాణం యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే, మొదటి వెర్షన్‌లోనే, చోటు దక్కింది. పత్రికల వెబ్‌సైట్లు, ఫోన్లు, వాట్సాప్ అన్నీ ఆ బాట పట్టాయి. పుస్తకాలు చేసేవాళ్లే ఆగిపోయారు. మొదట్లో కారణాలు బలమైనవే. పేజ్‌మేకర్ యూనికోడ్ తెలుగును చూపలేకపోయేది, ఫాంట్లు లేవు, ఒత్తులు విడిపోయేవి. ఇప్పుడు ఆ కారణాలు నిలవవు. ఇన్‌డిజైన్‌లో తెలుగు కుదురుగా కూర్చుంటుంది. మండలి, సూరన్న, గిడుగు, గురజాడ, రామభద్ర లాంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. అను ఫాంట్లతో వాడే ఆపిల్ కీబోర్డు అమరికకు అలవాటుపడ్డ వేళ్లతోనే యూనికోడ్‌లో కొట్టే వీలుంది. పాత అను ఫైళ్లను మార్చే కన్వర్టర్లూ ఉన్నాయి. మార్చిన తర్వాత ఒత్తుల దగ్గర, అరసున్నల దగ్గర తప్పులు దొర్లుతాయి కాబట్టి ఒకరు కూర్చుని ప్రూఫులు దిద్దాలి. ఆ మనిషికి ఇవ్వాల్సిన డబ్బే అసలు అడ్డంకి. దాన్ని నేను తేలిగ్గా తీసేయను. వెయ్యి కాపీలు వేసి అమ్ముకోవడానికి ఏళ్లు పట్టే రంగంలో ప్రతి ఖర్చూ బరువే.

బయటి మార్కెట్టు కూడా మనకు కలిసిరాలేదు. 2016 డిసెంబరులో అమెజాన్ కిండిల్‌లో భారతీయ భాషల పుస్తకాలు మొదలుపెట్టినప్పుడు ఐదు భాషలను ఎంచుకుంది: హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. తెలుగు లేదు. 2011 జనగణన లెక్కల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 8 కోట్ల 11 లక్షలు, మలయాళం 3 కోట్ల 48 లక్షలు, గుజరాతీ 5 కోట్ల 55 లక్షలు. మనుషుల లెక్కన చూస్తే మనల్ని వదిలేయడానికి కారణమే కనిపించదు. తర్వాత అదే సంస్థ సొంతంగా ప్రచురించుకునే రచయితలకు పోటీలు పెట్టినప్పుడు ఇంగ్లీషు, హిందీలతో పాటు తమిళానికీ చోటు దక్కింది. తమిళ రచయితలు ఆ తలుపులోంచి నడిచి వెళ్లారు. మన రచయితలకు తలుపే లేదు. ఏళ్ల తరబడి ఈ విషయం మీద మన ప్రభుత్వాల నుంచి గానీ, రచయితల సంఘాల నుంచి గానీ గట్టి గొంతు వినబడకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

పన్నుదీ అదే తీరు. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు అచ్చు పుస్తకానికి పన్ను లేదు, ఈ-పుస్తకానికి 18 శాతం. 2018 జులైలో అచ్చు రూపం కూడా ఉన్న ఈ-పుస్తకాలకు దాన్ని 5 శాతానికి తగ్గించారు. చదువుకు పన్నేమిటన్న ప్రశ్న అలాగే మిగిలింది.

ఇంతమాత్రాన స్కాన్లను చిన్నచూపు చూస్తున్నానని అనుకోవద్దు. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్‌రెడ్డి గారి పది లక్షల పుస్తకాలను స్కాన్ చేయాలన్న సంకల్పం లేకపోతే, దానిలో భాగంగా వచ్చిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా లేకపోతే, ఎన్నో పాత తెలుగు పుస్తకాలు చెదల పాలయ్యేవి. ఆ ప్రతులు ఇవాళ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. ఒకప్పుడు 'భారతి' పాత సంచిక చూడాలంటే వేటపాలెం సారస్వత నికేతనానికో, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయానికో వెళ్లాల్సి వచ్చేది. ప్రెస్ అకాడమీ పాత పత్రికలను డిజిటల్ చేశాక మారుమూల ఊళ్లో పరిశోధన చేసే విద్యార్థికి 1924లో మొదలైన ఆ పత్రిక ఇంట్లోనే కనిపించింది. స్కాన్ చేయడం పుస్తకాన్ని కాపాడుకోవడం. చదువుకోవడానికి అనువుగా అందించడం దాని తర్వాతి మెట్టు. తెలుగు వికీసోర్స్‌లో కొందరు ఔత్సాహికులు స్కాన్ పేజీ పక్కన పెట్టుకుని ఒక్కో పేజీని యూనికోడ్‌లోకి దిద్ది పెడుతున్నారు. జీతం లేదు, పేరు కూడా పెద్దగా రాదు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారు 1961లో కన్నుమూశారు. రచయిత మరణించిన 60 ఏళ్లకు హక్కు ముగుస్తుంది కాబట్టి, ఆయన జీవించి ఉండగా అచ్చయిన రచనలు 2022 నుంచి అందరివీ అయ్యాయి. అలాంటి పుస్తకాలను ఎవరైనా శుభ్రమైన ఈ-పుస్తకాలుగా చేయవచ్చు. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు విద్యార్థులతో చేయించదగ్గ పనుల్లో ఇంతకన్నా మంచిది నాకు తోచదు.

అచ్చు పుస్తకం పక్షాన చెప్పాల్సినదీ ఉంది, దాన్ని దాచను. 2018లో వచ్చిన ఒక పరిశోధన అంతకుముందు జరిగిన 54 అధ్యయనాలను, లక్షా 70 వేలకు పైగా పాఠకుల ఫలితాలను కలిపి చూసింది. సమాచారం, వివరణ ఉన్న పాఠాలను కాగితం మీద చదివినవాళ్లకే ఎక్కువ అర్థమైంది. సమయం తక్కువ ఉన్నప్పుడు తేడా ఇంకా పెరిగింది. కథల దగ్గర మాత్రం తేడా లేదు. స్వీడన్ ప్రభుత్వం 2023లో బడుల్లోకి అచ్చు పాఠ్యపుస్తకాలను మళ్లీ తేవడానికి ప్రత్యేకంగా డబ్బు కేటాయించింది. నా అభిప్రాయం కూడా అదే: బడి పిల్లల పాఠ్యపుస్తకం కాగితం మీదే ఉండాలి, నవల ఎక్కడ చదివినా నవలే.

సొంతం అన్న విషయంలోనూ కాగితానిదే పైచేయి. 2009 జులైలో అమెజాన్ తన పాఠకులు డబ్బిచ్చి కొన్న ఆర్వెల్ నవలలు రెండింటిని, హక్కుల తగాదా వల్ల, వాళ్ల కిండిల్‌లలోంచి రాత్రికి రాత్రే చెరిపేసింది. తర్వాత సంస్థ అధిపతి క్షమాపణ చెప్పారు. 2019లో మైక్రోసాఫ్ట్ తన పుస్తకాల దుకాణం మూసేసినప్పుడు కొన్నవాళ్ల పుస్తకాలన్నీ తెరుచుకోకుండా పోయాయి, డబ్బు వెనక్కిచ్చారు. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న పాత నవలను మాత్రం నా షెల్ఫులోంచి ఎవరూ తీసుకుపోలేరు. చదివి ఇంకొకరికి ఇవ్వచ్చు. అందుకే తెలుగులో ఈ-పుస్తకాల దుకాణాలు గట్టిగా నిలబడే రోజుకు, కాపీ తాళం వేయని ఈపబ్ రూపంలోనే ఈ-పుస్తకాన్ని అమ్మాలని కోరుతున్నాను. కొన్నవాడిదే పుస్తకం కావాలి.

దొంగతనం మాటేమిటని ప్రచురణకర్తలు అడుగుతారు. కొత్త నవల విడుదలైన కొద్ది రోజులకే దాని స్కాన్ టెలిగ్రామ్ గుంపుల్లో తిరగడం రచయిత కడుపు కొట్టడమే. అలాంటి ఫైళ్లు పంచేవాళ్లను పుస్తక ప్రేమికులు అనడం మానాలి. కానీ డల్లాస్‌లోనో, మెల్‌బోర్న్‌లోనో ఉన్న పాఠకుడికి పుస్తకం ధరను మించిన పోస్టేజీ పెడితే తప్ప న్యాయమైన దారి లేనప్పుడు దొంగ స్కాన్‌కు గిరాకీ పెరుగుతుంది. తక్కువ ధరకు శుభ్రమైన ఈ-పుస్తకం అందుబాటులో ఉంచితే కొనేవాళ్లు చాలామంది ఉన్నారని నా నమ్మకం.

అన్నిటికన్నా ముందు తలుచుకోవాల్సినవాళ్లు చూపు లేని పాఠకులు. 2012లో సవరించిన కాపీరైట్ చట్టం వాళ్లకు అనువైన రూపంలోకి ఏ పుస్తకాన్నైనా మార్చుకునే హక్కు ఇచ్చింది. అలాంటి వీలునే కల్పించే అంతర్జాతీయ మరకేష్ ఒప్పందాన్ని 2014లో అందరికన్నా ముందు ఆమోదించిన దేశం మనదే. 2016లో సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం మొదలైంది. చట్టం ఉంది, గ్రంథాలయం ఉంది. తెలుగు పుస్తకం దగ్గరికి వచ్చేసరికి, అను ఫైలును, పేజీ ఫొటోను స్క్రీన్ రీడర్ చదవలేదు కాబట్టి, ఎవరో ఒక స్వచ్ఛంద సేవకుడు మొత్తం మళ్లీ టైపు చేయడమో, మార్చి తప్పులు దిద్దడమో చేయాలి. ప్రచురణకర్త కంప్యూటర్‌లో ఆ పుస్తకం ఒకసారి టైపయ్యే ఉంది. అదే యూనికోడ్‌లో టైపై ఉంటే ఈ శ్రమ మొత్తం తప్పేది.

రెండు తెలుగు రాష్ట్రాల గ్రంథాలయ సంస్థలు పుస్తకాలు కొనేటప్పుడు అచ్చు ప్రతులతో పాటు యూనికోడ్ ఫైలు కూడా అడగాలి, దానికి ధర చెల్లించాలి. సాహిత్య పురస్కారాలు ఇచ్చే సంస్థలు అదే షరతు పెట్టవచ్చు. ప్రచురణకర్తలు కనీసం ఇకమీదట వేసే పుస్తకాలనైనా ఇన్‌డిజైన్‌లో, యూనికోడ్‌లో చేయించాలి. ఇవన్నీ జరిగేదాకా రచయితలు ఆగనక్కర్లేదు. మీ తర్వాతి పుస్తకం ప్రెస్సుకు వెళ్లేముందు, ప్రూఫులన్నీ దిద్దిన చివరి ప్రతిని యూనికోడ్‌లో మీకొకటి ఇమ్మని డీటీపీ చేసేవారిని అడగండి. దానికయ్యే డబ్బు ఇచ్చి, ఆ ఫైలు మీ దగ్గర ఉంచుకోండి.