బూజు దొరికిందని చెట్టును వదులుకోవద్దు

ఔషధ మొక్కల్లో ఏ తెగులూ తేకుండా కాపురముండే శిలీంధ్రాల మీద మన విశ్వవిద్యాలయాల్లో పరిశోధన జోరుగా సాగుతోంది. పద్ధతి చూడటానికి సులువే. ఆకును కడిగి, పైనున్న సూక్ష్మజీవులు చచ్చేలా ఆల్కహాల్‌లోనూ బ్లీచింగ్ ద్రావణంలోనూ ముంచి, ముక్కలు కోసి అగర్ అనే జెల్లీ మీద పరుస్తారు. కొద్ది రోజులకు కోసిన అంచుల్లోంచి సన్నటి పోగులు బయటికొస్తాయి. వాటిలో ఫలానా మందు పదార్థం ఉందని తేలగానే ‘ఇక చెట్లు నరకనక్కర్లేదు’ అన్న వార్త పుట్టుకొస్తుంది. ఆ మాట నమ్మి అడవిని గాలికొదిలేస్తే రెంటికీ చెడ్డ రేవడి అవుతాం.

ఈ ఆశకు మూలం టాక్సాల్. అండాశయ క్యాన్సర్‌కు 1992లో అమెరికా అనుమతించిన ఈ మందు పసిఫిక్ యూ చెట్టు బెరడు నుంచి వచ్చింది. ఆ చెట్టేమో నత్తనడకన పెరుగుతుంది. మరుసటి ఏడాదే శాస్త్రవేత్త గ్యారీ స్ట్రోబెల్ బృందం ఆ చెట్టులోని ఒక శిలీంధ్రం కూడా టాక్సాల్ తయారుచేస్తోందని ‘సైన్స్’ పత్రికలో ప్రకటించింది. అయితే లీటరు ద్రావణంలో దొరికింది నానోగ్రాముల్లోనే. 2013లో జర్మన్ పరిశోధకులు అదే శిలీంధ్రాన్ని మళ్లీ పరీక్షిస్తే, అది సొంతంగా టాక్సాల్ చేస్తుందనడానికి ఆధారమే కనబడలేదు. చివరికి యూ చెట్లను గట్టెక్కించింది బూజు కాదు, ఆకుల నుంచి తీసిన ముడిపదార్థం, మొక్క కణాల పెంపకం. క్యాన్సర్ మందులకు మూలమైన కాంప్టోథెసిన్ కథా అంతే. దాన్నిచ్చే చైనా చెట్టులోని ఫ్యుసేరియం అనే శిలీంధ్రాన్ని ప్రయోగశాలలో పెంచితే, తరాలు మారేకొద్దీ ఆ పదార్థం ఉత్పత్తి తగ్గిపోయింది. అందుకు కావలసిన ఒక కీలక ఎంజైము శిలీంధ్రంలో లేదు, చెట్టు దగ్గరే ఉంది. పొరుగింటి పొయ్యి మీద వండుకునేవాడు ఇల్లు మారితే పస్తే కదా!

పెన్సిలిన్ కూడా మొదట్లో పిసరంతే దొరికిందని, 1943లో అమెరికాలోని పియోరియాలో కర్బూజా మీది బూజుతో దిగుబడి ఎన్నో రెట్లు పెంచారని కొందరు గుర్తుచేస్తారు. నిజమే, కానీ ఆ బూజుకు పెన్సిలిన్ జన్యువులు సొంత ఆస్తి. లేని జన్యువును ఎంత సానపట్టినా ప్రయోజనం ఉండదు. అలాగని పరిశోధన ఆపమనడం లేదు. హోండురస్ దాల్చినచెట్టులో దొరికిన మస్కోడార్ ఆల్బస్ వదిలే వాయువులు ఇతర శిలీంధ్రాలను చంపుతాయి. ఆ విద్య దానిదే. నా దృష్టిలో అసలు గని ఇక్కడుంది. చెట్టు మందుకు నకలు వెతకడం మాని, శిలీంధ్రం తనంతట తాను చేసే కొత్త పదార్థాలను పట్టుకోవాలి.

బల్క్ డ్రగ్స్‌కు పేరుపడ్డ హైదరాబాద్‌కూ, ఎర్రచందనం, సర్పగంధి పెరిగే తూర్పు కనుమలకూ ఇది పరాయి గొడవ కాదు. ఒకే జాతి చెట్టులోనైనా చోటును బట్టి శిలీంధ్రాలు మారతాయి. నర్సరీ మొక్క శేషాచలం చెట్టుకు బదులు కాజాలదు. అందుకే ప్రభుత్వ సొమ్ముతో చేసే పరిశోధనకు షరతులుండాలి. పదార్థాన్ని తయారుచేసే జన్యువులు శిలీంధ్రంలో ఉన్నాయో లేదో చూపాలి. అనేక తరాలు పెంచాక కూడా ఆ పదార్థం వస్తోందని వేరే ప్రయోగశాల నిర్ధారించాలి. నమూనాను చండీగఢ్‌లోని సూక్ష్మజీవుల భాండాగారం వంటిచోట భద్రపరచాలి. దాని మీద వచ్చే ఆదాయంలో 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం స్థానికులకు దక్కాల్సిన వాటాను ఒప్పందంలో ముందే రాయాలి.