ఈ వయసులో కార్టూన్లేంటి బాస్?

మొన్న శుక్రవారం ఆఫీసు కెఫెటేరియాలో కూర్చుని ఫోన్లో 'కిడ్స్ ఆన్ ద స్లోప్' చూస్తున్నా. మా లీడ్ టీ కప్పుతో వెనకాల నిలబడి "ఇరవయ్యెనిమిదేళ్లొచ్చాయి, ఇంకా కార్టూన్లేంటి బాస్?" అన్నారు. చుట్టూ ఉన్న నలుగురూ నవ్వారు. నేనూ నవ్వేశాను (అప్రైజల్ నెల మరి). కడుపుమంట మాత్రం ఇంకా చల్లారలేదు. అందుకే ఈ గోల.

ముందు ఆ 'కార్టూన్' సంగతి. 2012లో జపాన్‌లో వచ్చిన 12 భాగాల సీరియల్. కథ 1966లో, ససెబో అనే రేవు పట్నంలో మొదలవుతుంది. కౌరు అనే కుర్రాడు కొత్తగా స్కూల్లో చేరతాడు. బాగా చదువుతాడు, పియానో వాయిస్తాడు, ఎవరితోనూ కలవడు. సెంతారో అని ఇంకోడు, తన్నులాటల్లో ముందుంటాడు, డ్రమ్స్ వాయిస్తాడు. క్లాస్‌మేట్ రిత్సుకో వాళ్ల నాన్నకి రికార్డుల షాపుంది, దాని కింద నేలమాళిగలో వీళ్ల జాజ్ ప్రాక్టీసు. మధ్యలో ఇద్దరికీ చెడుతుంది. ఏడో భాగంలో స్కూల్ ఉత్సవం జరుగుతుంటే కరెంటు పోతుంది. రాక్ బ్యాండు ఆగిపోయి జనం గొడవ చేస్తుంటే కౌరు పియానో అందుకుంటాడు, సెంతారో వచ్చి కలుస్తాడు. రాజీ ఆ వాయింపులోనే అయిపోతుంది. చూస్తే తెలుస్తుంది, నేను చెప్తే తెలిసేది కాదు.

ఆ వేళ్లు ఉత్తినే కదలవండీ. తకాషి మత్సునాగ అనే పియానిస్టు, షున్ ఇషివాక అనే డ్రమ్మరు నిజంగా వాయిస్తుంటే కెమెరాలతో తీసి, అది చూసి బొమ్మలు గీశారు. మన సినిమాల్లో గిటారు పట్టిన హీరో ఎడమచేతి వేళ్లు ఓసారి గమనించండి. చాలాసార్లు పాటంతా ఒకేచోట అంటుకుపోయి ఉంటాయి. ఇప్పుడు చెప్పండి, కార్టూన్ ఏది?

మనకి సంగీతం సినిమాలు లేవా అంటారు. ఉన్నాయి. శంకరాభరణం (1980), స్వాతికిరణం (1992) రెంటికీ దండం పెడతాను. వాటిల్లో గురువున్నాడు, శిష్యుడున్నాడు, భక్తి ఉంది, రెండో దాంట్లో గురువు అసూయ కూడా ఉంది. పక్కన కూర్చుని మనతోపాటు తప్పులు వాయించే స్నేహితుడు ఏడీ? స్నేహం అనగానే మా ఐటీ జనాలకి 2007 నాటి హ్యాపీడేస్ గుర్తొస్తుంది. నాకూ ఇష్టమే. కానీ స్నేహం వెనకాల పాట మోగడం వేరు, కలిసి వాయించడం వల్లే స్నేహం పుట్టడం వేరు.

పైగా 2025 సెప్టెంబరులో 'డెమన్ స్లేయర్' తెలుగులో హాళ్లకొస్తే మా లీడ్ ఫ్యామిలీతో వెళ్లొచ్చారు. కత్తి పట్టిన బొమ్మ సినిమా అట, పియానో ముందు కూర్చున్న బొమ్మ చిన్నపిల్లల వ్యవహారమట!

సర్లెండి, అసలు మంట అది కాదు. నవ్వులయ్యాక ఆయన వాళ్లమ్మాయి కీబోర్డు వీడియో చూపించారు. పాప చక్కగా వాయిస్తోంది. "గ్రేడు పరీక్ష పాసైంది. ఎయిత్ నుంచి ఆపించేస్తాం, ఐఐటీ ఫౌండేషన్ ఉంటుందిగా" అన్నారు, నెట్ ప్లాన్ మార్చుకుంటున్నంత తేలిగ్గా. ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వాల్సింది దీనికి కదా!

నాకిది తెలిసిన కథే. టెన్త్‌లో ఉండగా ప్రతి ఆదివారం మా ఫ్రెండు వాళ్ల మేడ మీద వాడు తబలా, నేను కీబోర్డు. కింద నుంచి వాళ్లమ్మగారు "ఆపండ్రా" అనేదాకా. ఇంటర్‌కి హాస్టల్ కాలేజీకి కీబోర్డు పట్టుకెళ్తే వార్డెన్ గేటు దగ్గరే నాన్న చేతికిచ్చి వెనక్కి పంపేశాడు. "రెండేళ్లే కదరా" అన్నారందరూ. తర్వాత ఇంజనీరింగు, ప్లేస్‌మెంట్లు, ఆన్‌కాల్ డ్యూటీలు. వాడిప్పుడు కొండాపూర్‌లో, నేను మాదాపూర్‌లో. పెళ్లిళ్లలో కలుస్తాం. హైకులు, ఫ్లాట్ రేట్లు మాట్లాడుకుని ప్లేటు పట్టుకుని చెరోవైపు పోతాం.

సంగీతం పెట్టుకుంటే చదువు పోతుందా? కౌరు చివరికి డాక్టరవుతాడండీ బాబూ! (కథ చెప్పేశాను, క్షమించాలి.) ఎనిమిదేళ్ల తర్వాత ఇద్దరూ మళ్లీ కలిసి వాయిస్తారు కూడా.

నిన్న రాత్రి ఉండబట్టలేక మావాడికి "తబలా ఉందా?" అని మెసేజ్ పెట్టాను. "అటక మీద. డగ్గా తోలు చిరిగింది. ఏం?" అన్నాడు. నా కీబోర్డుకి అడాప్టరు లేదు. ఆదివారం కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లాలి.