తాత కంటికి అద్దాలెందుకు లేవు?

ఈ టపా కొంచెం ఘాటుగా ఉంటుంది, ముందే చెప్తున్నాను. మొహమాటపడి మూడు వారాలు ఆగాను. ఇక ఆగలేను.

మొన్న సంక్రాంతికి ఊరెళ్లి కొలిమి దగ్గర ఒక ఫోటో దిగి మా కాలేజీ మిత్రుల గుంపులో పెట్టాను. కళ్లకి అద్దాలు, తోలు ఏప్రన్, కాళ్లకి బూట్లు, చెవుల్లో ప్లగ్గులు. నిమిషంలో మొదలైంది. "బాంబులు తీస్తున్నావా బాసూ?" అని ఒకడు. "మన తాతలు గోచీ పెట్టుకుని కత్తులు చేశారు, నువ్వు కొడవలికే ఇంత వేషమా?" అని ఇంకొకడు. దానికి అందరూ బొటనవేళ్లు. నవ్వినవాళ్లలో ఒకాయన కొండాపూర్ ఫ్లాట్ బాల్కనీలో చిన్న గ్యాస్ కొలిమి పెట్టాడు. ఇంకొకాయన డిస్కౌంటులో వచ్చిందని యాంగిల్ గ్రైండర్ తెప్పించుకుని, గార్డు అడ్డంగా ఉందని పీకేశాడు. అందరూ నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లే. సర్వర్‌కి మూడు బ్యాకప్పులు ఉంచుతారు, ఉన్న రెండు కళ్లకి మాత్రం ఒక్కటీ ఉంచరు.

మాది ఉద్దానం, వజ్రపుకొత్తూరు వైపు. 2020 లాక్‌డౌన్లో లాప్‌టాప్ పట్టుకుని ఊరొచ్చి పడ్డాను. కరెంటు పోయినప్పుడల్లా వెళ్లి కమ్మరి పాకలో కూర్చునేవాణ్ణి. కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే ఆ పిచ్చిలో పడ్డాను. జీడితోటల్లో కొమ్మలు కొట్టే కత్తులు, కొబ్బరికాయలు ఒలిచే గునపాలు అక్కడే తయారయ్యేవి. ఒకప్పుడు టెక్కలి వైపు రాతి క్వారీల నుంచి మొండిబారిన ఉలులు కూడా వచ్చేవట. ఆ కమ్మరిని నేను తాతా అంటాను. సుత్తి పట్టుకోవడం నేర్పింది ఆయనే. ఆయనకి ఎడమ కన్ను లేదు. దాగలి అంచు నుంచి ఎగిరిన ఇనప పెచ్చు తగిలి పోయింది.

ఇప్పుడు చెప్పండి, "మన తాతలకేం కాలేదు" అన్నది ఎవరు?

ఆ మాటకీ, మన ఆఫీసుల్లో "నా మెషీన్లో బానే పనిచేస్తోంది" అనే మాటకీ తేడా లేదు. కన్ను పోయినవాడు, చెయ్యి పోయినవాడు కొలిమి వదిలేసి ఏ చెన్నైకో వలస కూలికి పోయాడు. మిగిలినవాణ్ణి మాత్రమే చూసి "చూశావా, ఏమీ కాలేదు" అంటున్నాం. క్రాష్ అయిన మెషీన్ల లాగులు చెరిపేసి అప్‌టైం నూటికి నూరు అన్నట్టుంది ఈ లెక్క.

ఇంకో సంగతి. తాతల చేతుల్లో ఉన్నవి సుత్తి, సమ్మెట, పట్టకారు, ఆకురాయి. మన చేతుల్లో ఉన్నది గ్రైండర్. నాలుగంగుళాల గ్రైండర్ ఖాళీగా తిరిగేటప్పుడు నిమిషానికి దాదాపు 11,000 చుట్లు తిరుగుతుంది. కోత బిళ్లలు మామూలుగా సెకనుకి 80 మీటర్ల అంచు వేగం దాకా తట్టుకునేలా చేస్తారు. లెక్క వేసుకోండి: 100 మిల్లీమీటర్ల బిళ్లకి అది దాదాపు 15,300 చుట్లు, 180 మిల్లీమీటర్ల బిళ్లకి 8,500 మాత్రమే. పెద్ద బిళ్ల పట్టాలని గార్డు పీకి, దాన్ని చిన్న గ్రైండర్‌కి బిగిస్తే ఏమవుతుందో ఇంజినీర్లకి నేను చెప్పాలా? ఆ బిళ్ల పగిలినప్పుడు ముక్క ఎటు పోతుందో చూసే టైము కూడా ఉండదు. ఇది ఏ తాతా వాడిన పనిముట్టు కాదు, ఆయన పేరు చెప్పి తప్పించుకోకండి.

నేనేదో పెద్ద తెలివైనవాణ్ణని చెప్పట్లేదు. నా గొప్ప కూడా వినండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటింది. మా పశువుల పాక కూలిపోయి, దాని జీఐ పైపులు పెరట్లో అలాగే పడున్నాయి. 2021లో ఒక పైపు ముక్కని, తాత లేనప్పుడు, గాలి కొడుతోందని పట్టా కట్టిన పాకలో కొలిమిలో పెట్టాను. తెల్లటి పొగ లేచింది. బాగుందే అని వీడియో కూడా తీశాను. రాత్రికి చలిజ్వరం, ఒళ్లంతా నొప్పులు, ఛాతీ పట్టేసింది. మలేరియా అనుకున్నాం.

అది మలేరియా కాదు, మెటల్ ఫ్యూమ్ ఫీవర్. జీఐ పైపు మీద పూత జింకు. 907 డిగ్రీల దగ్గర జింకు మరుగుతుంది. ఇనుము సాగడానికి అంతకంటే ఎక్కువ వేడి పెడతాం. ఆ ఆవిరి గాల్లో కాలి తెల్లటి పొగై ఊపిరితిత్తుల్లోకి పోతుంది, కొన్ని గంటల తర్వాత జ్వరం వస్తుంది. ఇత్తడిలోనూ జింకే ఉంటుంది, కాబట్టి బుడితి చెంబులు చూసి ఇంట్లో ఇత్తడి కరిగిద్దామనుకునేవాళ్లకీ ఇదే హెచ్చరిక. వెల్డింగు షాపుల్లో పాలు తాగితే పోతుందంటారు. పాలు పోయేది పొట్టలోకి, పొగ పోయేది ఊపిరితిత్తుల్లోకి. ఆయాసం వస్తే ఆస్పత్రికే పోవాలి.

అసలు కథ ఆ రాత్రే జరిగింది. ఒళ్లు నొప్పులకని మందుల షాపు నుంచి నొప్పి మాత్రలు తెచ్చుకున్నాను. మా అమ్మ చేతిలోంచి లాక్కుంది. "ఏటి బావూ, మనూర్లో ఉండి ఈ మాత్రలు మింగుతావేటి?" అంది. మా వీధిలో డయాలసిస్‌కి వెళ్లేవాళ్లు ఉన్నారు. ఉద్దానం కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని శాస్త్రజ్ఞులు ఇప్పటికీ ఒక్క మాట మీదకి రాలేదు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో మొదలయ్యాయి. కానీ ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు మూత్రపిండాలని దెబ్బతీస్తాయన్నది ఏ ఊరికైనా వర్తించేదే. ఎండలో, కొలిమి ముందు రెండు గంటలు చెమట కార్చి, నీళ్లు తాగకుండా, సాయంత్రం భుజం నొప్పికి మాత్ర వేసుకోవడం. మన వారాంతపు కమ్మరులు చేస్తున్నది అచ్చంగా ఇదే. నిప్పుకి, గ్రైండర్‌కి భయపడేవాడు కూడా దీనికి భయపడడు, ఎందుకంటే ఇది శబ్దం చెయ్యదు.

కాబట్టి కొనే వరుస మార్చండి. దాగలి, సుత్తి తర్వాత. ముందు కళ్లద్దాలు, అదీ ఈఎన్ 166 లేక జెడ్87 అని ముద్ర ఉన్నవి. మీ పవర్ కళ్లద్దాలు పనికిరావు. గ్రైండర్ తిప్పేటప్పుడు వాటి మీద ముఖానికి షీల్డు. తర్వాత తోలు బూట్లు, చెవి ప్లగ్గులు. ఒంటి మీద నూలు బట్టలే. కంపెనీ ఉచితంగా ఇచ్చిన పాలిస్టర్ టీషర్టు నిప్పురవ్వ పడితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. తిరిగే డ్రిల్లు, వైర్ బ్రష్షుల దగ్గర చేతి తొడుగులు వద్దు, తొడుగుతో పాటు చెయ్యీ లోపలికి పోతుంది. నూనెలో పదును పెట్టేటప్పుడు మంట లేస్తే మూత వేసి ఆర్పాలి, నీళ్లు పొయ్యకూడదు. నాలుగు వైపులా మూసిన చోట బొగ్గు కొలిమీ వద్దు, గ్యాస్ కొలిమీ వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. పలాసలో చవగ్గా దొరుకుతుందని జీడిపిక్కల పెంకు కొలిమిలో వెయ్యకండి. ఆ పెంకులోని నూనె చేతుల్ని కాలుస్తుందని జీడి ఫ్యాక్టరీల్లో పనిచేసే ఏ ఆడమనిషినడిగినా చెప్తుంది. దాని పొగ కళ్లని, గొంతుని వదిలిపెడుతుందా? ఇక పక్కన ఒక బిందె నీళ్లు, తాగడానికి.

"ఇన్ని పెట్టుకుంటే ఇక అది సంప్రదాయం ఎలా అవుతుంది?" అని గుంపులో ఒకాయన అడిగాడు. అయ్యా, సంప్రదాయం అంటే ఇనుము రంగు చూసి వేడి చెప్పడం. కమాను పట్టీ నుంచి కత్తి లాగడం. ఒట్టి కాళ్లు, ఒట్టి కళ్లు సంప్రదాయం కాదు, అవి లేమి. ఒకడి లేమిని మనం వారాంతంలో వేషంగా వేసుకుని, అది గొప్ప అని ఫోటోలు పెట్టుకోవడం నాకు సిగ్గుగా ఉంది.

నాకూ ఒకప్పుడు ఈ భ్రమ ఉండేది. అద్దాలు పెట్టుకుంటే పని సాగదని తాత అంటాడేమో అనుకున్నాను. సంక్రాంతికి ఒక జత తీసుకెళ్లి, ఇస్తూ, "ఇన్నాళ్లూ ఎందుకు పెట్టుకోలేదు తాతా?" అని అడిగాను. తుడుచుకుని, పెట్టుకుని, ఒంటి కన్నుతో నా వైపు చూశాడు.

"ఇచ్చినోడు ఎవుడు బావూ? నాను ఒద్దన్నదెప్పుడు?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. గుంపులో నవ్విన మీ దగ్గరుంటే చెప్పండి. లేకపోతే ఈసారి ఊరెళ్లేటప్పుడు రెండు జతల అద్దాలు కొనండి. ఒకటి మీకు, ఒకటి మీ ఊరి కొలిమికి.