గోడ ఎవరిది? టోపాలజీని అడుగుదాం

వనస్థలిపురంలో రెండిళ్ల మధ్య ఒకటే కాంపౌండ్ వాల్ ఉందంటే ఎప్పుడో ఒకప్పుడు తగాదా తప్పదు. "గోడ మాది" అంటారు వీళ్లు, "కాదు, మాది" అంటారు వాళ్లు. ఇలాంటి చిక్కే టోపాలజీలోనూ ఉంది. ఎమ్మెస్సీ మ్యాథ్స్ వాళ్లు 'సెమీ ఓపెన్ సెట్' అని చదివేది దాని గురించే.

ముందు ఓపెన్ సెట్ అంటే ఏంటో చూద్దాం. మన పక్కనే మహావీర్ హరిణ వనస్థలి ఉంది కదా. ఒకప్పుడు నిజాం వేటకెళ్లిన చోటు. మహావీరుడి 2500వ నిర్వాణ సంవత్సరం గుర్తుగా 1975లో ఆ పేరు వచ్చింది. దాని కంచెను సన్నని గీత అనుకోండి. ఆ గీతను వదిలేసి లోపలి నేలనే లెక్కలోకి తీసుకుంటే, జింక ఎక్కడ నిలబడ్డా ఎటైనా చిన్న అడుగు వేసే జాగా ఉంటుంది. కంచెకు దగ్గరైతే ఇంకా చిన్న అడుగు, అంతే. ఇదే ఓపెన్ సెట్. కంచె మీద కూర్చున్న పిట్టకు ఆ వీల్లేదు. ఎంత కొంచెం జరిగినా ఒకవైపు బయటికి పోతుంది.

1963లో అమెరికా గణితవేత్త నార్మన్ లెవిన్ ఈ రూల్‌ని సడలించాడు. లోపలి నేలతో పాటు కంచెలో ఎంత ముక్క కావాలంటే అంత కలుపుకోవచ్చు. షరతు ఒక్కటే: కలుపుకున్న ప్రతి చోటునూ ఆనుకుని లోపలి నేల ఉండాలి. ఇది సెమీ ఓపెన్. నేల లేకుండా ఒట్టి కంచె తెస్తే కుదరదు.

దీనివల్ల లాభమేంటి? ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కండి. 2 కి.మీ. దాకా చార్జీ 10 రూపాయలు, అది దాటితే 4 కి.మీ. దాకా 15 అనుకుందాం. 2 దగ్గర చార్జీ టక్కున ఎగిరింది. ఇంటర్‌లో చదివిన కంటిన్యుటీ ప్రకారం ఫెయిల్. కానీ 10 రూపాయలు పడే దూరాలన్నీ కలిపితే 2 అనే అంచుతో సహా ఒక నిండు ముక్క, అంటే సెమీ ఓపెన్. 15 పడేవీ అంతే. కాబట్టి లెవిన్ లెక్కలో ఈ చార్జీ 'సెమీ కంటిన్యువస్'. మరి సరిగ్గా 3 కి.మీ. దగ్గర మాత్రమే 100 రూపాయలంటే? ఆ 100 పడేది ఒక్క చుక్క దగ్గరే, దానికి లోపలి నేలే లేదు. లెవిన్ కూడా ఒప్పుకోడు. మెట్టు ఓకే, ముల్లు కాదు.

ఇప్పుడు మళ్లీ గోడ దగ్గరికి. దాని మందం సున్నా అనుకోండి. మీ ప్లాటు గోడతో సహా సెమీ ఓపెన్. పక్కింటి వాళ్లదీ అదే గోడతో సహా సెమీ ఓపెనే. రెండిట్లోనూ ఉన్నదేంటి? ఒట్టి గోడ! అది సెమీ ఓపెన్ కాదు. అసలైన ఓపెన్ సెట్లు రెండు తీసుకుంటే ఉమ్మడి భాగం కూడా ఓపెనే అవ్వాలి. టోపాలజీకి అది పునాది. సడలింపుకి కట్టిన రేటు అదన్నమాట. 1965లో నార్వే గణితవేత్త ఓలావ్ న్యోస్టాడ్ 'ఆల్ఫా సెట్లు' తెచ్చాడు. ఓపెన్ కన్నా వదులు, సెమీ ఓపెన్ కన్నా బిగువు. వాటిలో ఉమ్మడి రూల్ మళ్లీ నిలబడింది.

ఆ తర్వాత ప్రీ ఓపెన్, బీటా ఓపెన్ అంటూ బోలెడు వచ్చాయి. పీహెచ్‌డీ ఆలోచనలో ఉన్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! కొత్త పేరు పెట్టడం తేలికే. పెట్టేముందు రెండు ప్రశ్నలు వేసుకోండి. పాత రూల్‌లో పట్టనిది ఇందులో ఏం పట్టింది? బదులుగా ఏ సిద్ధాంతం చేజారింది? ఈ రెండిటికీ ఒక్కో ఉదాహరణ చూపించగలిగితే మీ పేపర్‌కి నేల ఉన్నట్టే. లేదంటే మిగిలేది ఒట్టి గోడ.