పీహెచ్‌డీ తర్వాత - 3: గేటు బయట కూడా పరిశోధన ఉంది



పేరు ముందు డాక్టర్ చేరాక మనోళ్ళలో చాలామంది రాయడం ఆపేస్తున్నారు. అది బద్ధకం అంటే నేనొప్పుకోను. వైవా అయిపోతే ఫెలోషిప్ ఉండదు, హాస్టల్ గది ఉండదు, లైబ్రరీ కార్డు ఉండదు. ఇంటికొస్తే అప్పులు. దొరికితే గంటల లెక్కన గెస్ట్ లెక్చరర్ పని. ఇంట్లోనే పుస్తకాల బీరువాలున్నోళ్ళకు ఇబ్బంది లేదు. సత్తుపల్లికి తిరిగొచ్చిన మన పిల్లలకు ఆ గేటు దాటితే అన్నీ బంద్.

అయినా ఆగొద్దంటున్నా.

బాబాసాహెబ్‌కు 1923లో లండన్‌లో డీఎస్సీ వచ్చింది. బొంబాయిలో లాయర్‌గా ప్రాక్టీసు చేస్తూనే, 1925 నుంచి బాట్లీబాయ్ అకౌంటెన్సీ శిక్షణ సంస్థలో పార్ట్‌టైమ్ పాఠాలు చెప్పారు. రూపాయి మీద థీసిస్ రాసిన ఆ మనిషే అదే ఏడాది కరెన్సీపై వేసిన రాయల్ కమిషన్ ముందు సాక్ష్యమిచ్చారు. 1948లో న్యాయమంత్రిగా ఉంటూ 'ది అన్‌టచబుల్స్' అచ్చు వేయించారు. ఉద్యమం పెరిగేకొద్దీ ఆయన చదువూ పెరిగింది.

ఇక మన జిల్లాకొద్దాం. 2021లో దళితబంధును మండలమంతా అమలు చేయడానికి ఎంచుకున్న నాలుగు మండలాల్లో మన చింతకాని ఒకటి. కుటుంబానికి 10 లక్షలు. ఆ డబ్బుతో కొన్న బండ్లు, బర్రెలు, పెట్టిన దుకాణాలు ఇవాళ ఎవరి చేతుల్లో ఉన్నాయి? ఆడోళ్ళ పేరు మీద ఎన్ని? ఏ ఉపకులానికి ఎంత అందింది? సత్తుపల్లి ఓపెన్‌కాస్ట్ గనుల చుట్టూ మాల, మాదిగ వాడల్లో కూలి పని ఎట్లా మారింది? 2009 నుంచి ఇది ఎస్సీ సీటు కదా, వాడకు ఒరిగిందేంది?

వీటి మీద రాయడానికి ఎక్కడి నుంచో ఎవరో రావాలా? వాళ్ళొస్తే మనం మళ్ళీ ఫుట్‌నోట్‌లో 'సమాచారమిచ్చినవారు' అయితం.

ఉద్యోగం వచ్చేదాకా ఆగకుండా చేయగలిగినవి మూడున్నాయి.

ఒకటి. థీసిస్‌లో ఒక్క చాప్టర్ తెలుగులో రాసి, మీకు ఇంటర్వ్యూలిచ్చిన వాడలోనే చదివి వినిపించండి. ఎక్కడ తేడా ఉందో వాళ్ళే చెప్తారు.

రెండు. శోధ్‌గంగలో థీసిస్‌లు ఉచితం. జేస్టోర్‌లో సొంత ఖాతా తెరిస్తే నెలకు 100 వ్యాసాల దాకా ఆన్‌లైన్‌లో పైసా లేకుండా చదవొచ్చు.

మూడు. ఒంటరిగా ఉండొద్దు. నెలకో ఆదివారం అంబేద్కర్ భవన్‌లోనో, చెట్టు కిందనో నలుగురు కూర్చోండి. ఒకరు రాసింది ముగ్గురు చదవండి. గైడ్ లేని లోటు కొంతైనా తీరుద్ది.

కొలువులొచ్చిన అన్నలకు, అక్కలకు ఒక మాట. బయటున్న తమ్ముళ్ళను, చెల్లెళ్ళను మీ ప్రాజెక్టుల్లోకి తీసుకోండి. వాళ్ళతో డేటా మోయించి వదిలేయకండి, వ్యాసం మీద వాళ్ళ పేరూ వేయండి.

మిరప తోటల్లో కూలి చేసి మనల్ని చదివించినోళ్ళకు 'ఇన్నేళ్ళు చదివి ఏం తెలుసుకున్నవ్ బిడ్డా?' అని అడిగే హక్కుంది. ఆ జవాబు వాళ్ళ భాషలో రాయాల్సిన బాకీ మన మీదుంది.

(వచ్చే భాగం: థీసిస్‌ను పుస్తకం చేయడం ఎట్లా?)