నాణేలకు ఎలాంటి కెమేరా కావాలి?

పిల్లలూ! వెలిగండ్ల నుంచి ఒక కుర్రవాడు ఇలా అడిగాడు: "మా అవ్వ పెట్టెలో ఒక చిల్లుకానీ, కొన్ని నయాపైసలు దొరికాయి. వాటికి ఫోటోలు తీయాలంటే ఎంత ఖరీదుగల కెమేరా కొనాలి?" ప్రశ్న పిల్లవాడిదే అయినా డబ్బు పెట్టేది పెద్దలు గనక, ఇద్దరికీ కలిపి చెబుతాను.

అసలు నాణేనికి ఫోటో ఎందుకు? 1786 ప్రాంతంలో నెల్లూరు దగ్గర ఒక రైతు పొలం దున్నుతూంటే నాగలికి ఇటుకల కట్టడం అడ్డుతగిలింది. తవ్వి చూస్తే ఒక చిన్న గుడి ఆనవాళ్ళూ, దాని కింద ఒక ముంతా బయటపడ్డాయి. ముంతలో ఉన్నవి రోము సామ్రాజ్యపు బంగారు నాణేలు! హేడ్రియన్ చక్రవర్తి కాలపు నాణేలు కూడా వాటిలో ఉన్నాయి. రైతు వాటిని పాత బంగారంగా అమ్మేశాడు. ముప్పైకి పైగా తిరిగి దక్కాయిగాని, మిగిలినవి చాలావరకు మూసలో కరిగిపోయి ఉంటాయి. వాటిమీద ఏ బొమ్మలున్నవో, ఏ అక్షరాలున్నవో ఇక ఎవరూ చెప్పలేరు. ఫోటో తీసే విద్య 1839లోగాని లోకానికి వెల్లడి కాలేదు. వెలిగండ్ల కూడా 1970 దాకా ఆ నెల్లూరు జిల్లాలోదే సుమా!

కనుక నాణేనికి ఫోటో ఒక సాక్షి. సాక్షికి కళ్ళు బాగుండాలి గదా! ఆ కళ్ళను పరీక్షించే ఉపాయం మీ జేబులోనే ఉన్నది. ఒక రూపాయి బిళ్ళ తీసి సంవత్సరం కింద చూడండి. చిన్న నక్షత్రం ఉంటే అది హైదరాబాదు టంకశాలలో ముద్రించినది. వజ్రపు గుర్తు ముంబయిది, చుక్క నోయిడాది. కలకత్తా నాణేనికి గుర్తేమీ ఉండదు. మీరు తీసిన ఫోటోలో ఈ గుర్తు స్పష్టంగా కనబడితే, ఆ కెమేరా చాలు.

"ఎక్కువ మెగాపిక్సెళ్ళుంటే మేలు కాదా?" అంటారేమో. లెక్కవేసి చూద్దాం. పన్నెండు మెగాపిక్సెళ్ళంటే కోటీ ఇరవై లక్షల చుక్కలు: అడ్డంగా 4000, నిలువుగా 3000. 2019లో వచ్చిన కొత్తరకం రూపాయి బిళ్ళ అడ్డుకొలత 20 మిల్లీమీటర్లు. ఫోటోలో బిళ్ళ 1000 చుక్కల మేర పడితే, మిల్లీమీటరుకు 50 చుక్కలు. బిళ్ళ 2400 చుక్కల మేర నిండేలా తీస్తే, మిల్లీమీటరుకు 120. కెమేరా మారలేదు, పైసా ఖర్చు కాలేదు, అయినా వివరం రెండింతలు దాటింది!

అందుచేత దగ్గరి వస్తువును స్పష్టంగా చూపగలదా అన్నదే ముఖ్యం. ముందు ఇంట్లో ఉన్న సెల్‌ఫోనుతోనే చూడండి. చాలా ఫోన్లు సుమారు పది సెంటీమీటర్ల కంటే దగ్గరికి పోతే మసకబారుతాయి. అప్పుడు కాస్త వెనక్కి జరిగి, రెండింతలు పెద్దది చేసి తీయాలి. చౌక ఫోన్లలో దగ్గరి వస్తువులకని విడిగా పెట్టే చిన్న కటకం కంటే, తరుచు ఇదే బాగుంటుంది. ఫోను పరీక్షలో తప్పితే, ఎవరో వాడి అమ్మిన చిన్న డిజిటల్ కెమేరా చూడండి. పువ్వు గుర్తు ఉన్నదంటే అది దగ్గరి ఫోటోలకు పనికివస్తుంది. దుకాణానికి రూపాయి బిళ్ళ తీసుకుపోయి, పరీక్షించాకనే డబ్బివ్వండి. కటకాలు మార్చే పెద్ద కెమేరా నాణేల కోసమే కొననక్కరలేదు.

ఇక కెమేరా కదలకూడదు. రెండు సమానమైన పుస్తకాల దొంతరలు పేర్చి, ఫోనును వాటిమీద వంతెనలాగా పడుకోబెట్టండి. నాణెం మధ్య సందులో, సరిగ్గా కటకం కింద ఉండాలి. రెండు సెకన్ల తరవాత తనంతట తనే ఫోటో తీసే ఏర్పాటు వాడితే వేలి తాకిడికి అదరదు. నాణెం కింద మన మార్కాపురం పలక పెట్టండి. నల్లని పలకను చూసి కెమేరా చీకటి అనుకుని వెలుతురు ఎక్కువ తీసుకుంటుంది, నాణెం మరీ తెల్లగా వస్తుంది. అప్పుడు వెలుతురు కొంచెం తగ్గించాలి.

ఫ్లాష్ వద్దు. కిటికీ వెలుతురు ఏటవాలుగా పడనివ్వండి. అరిగిపోయిన అక్షరాలకు కూడా నీడ ఏర్పడి, చదవను వీలవుతుంది. ఆ వెలుతురు నాణెం బొమ్మకు తలవైపు నుంచి రావాలి. ఎందుకంటారా? తీసిన ఫోటోను తలకిందులు చేసి చూడండి. ఉబ్బెత్తు బొమ్మ గుంటలాగా కనబడవచ్చు! వెలుగు పైనుంచి వస్తుందనుకోవటం మన కంటికి అలవాటు.

ఒక్క హెచ్చరిక. మెరవాలని నాణేన్ని చింతపండుతో తోమకండి. పైపొర పోతే మళ్ళీ రాదు.

పెద్దలకు రెండు మాటలు. పాత నాణేనికి లక్షలిస్తామని, ముందుగా రుసుము కట్టమని ఎవరైనా అంటే నమ్మకండి. ఇలాంటి మోసాల గురించి రిజర్వు బ్యాంకు 2021లో హెచ్చరించింది. మట్టిలో నిధి దొరికి, దాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం చెబుతున్నది.

ఈ నెల మీ పని: ఒక నాణేన్ని పక్కన స్కేలు పెట్టి, రెండువైపులా ఫోటో తీయండి. సంవత్సరం, టంకశాల, అడ్డుకొలత, మీ చేతికి ఎలా వచ్చిందీ ఒక నోటుపుస్తకంలో రాయండి. అవ్వ పెట్టెలోదైతే ఆమెనే అడిగి రాయండి. ఆ సంగతి ఏ కెమేరాకూ అందదు.